తరమడం వేరు, నేర్పడం వేరు

సంతబొమ్మాళి నుంచి నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా భావనపాడు తీరానికి వెళ్ళినా, టెక్కలి, పలాస దాటి ఉద్దానం తోటల్లోకి వెళ్ళినా కుక్క లేని ఊరు కనిపించదు. ఆ కుక్కకి ఫలానావాడు శిక్షణ ఇచ్చాడని చెప్పుకునే ఊరూ కనిపించదు. అయినా ఆ కుక్కలకి పని తెలుసు. సొంత ఇంటి కోడిపిల్లల మధ్య పడుకుని వాటిని ముట్టవు. రోజూ వచ్చే పాలవాణ్ణి చూసి తలెత్తవు, రాత్రి కొత్త అడుగు చప్పుడైతే వీధంతా లేపుతాయి. జీడి పిక్కలు రాలే కాలంలో తోట కాపలాకి వెళ్ళే మనిషి వెనకాలే వెళ్ళి, పాక ముందు పడుకుని, ఎలుగు వాసన తగిలితే మనిషి కంటే ముందు లేస్తాయి. ఇదంతా వాటికి ఎవరు నేర్పారు, దేనితో నేర్పారు? నగరాల్లో కుక్కల శిక్షణ గురించి మాట్లాడేవాళ్ళు ఒక కథ చెబుతారు: పూర్వం మెడ గొలుసు లాగి, కొట్టి, అరిచి నేర్పేవారు, ఇటీవల పాశ్చాత్య దేశాల్లో మెచ్చి, తినిపించి నేర్పే పద్ధతి పుట్టింది, అది ఇప్పుడిప్పుడే మనదాకా వస్తోంది. ఈ కథ సగమే నిజం. కుక్కకి పని అబ్బింది దానికి దక్కిన మేలు వల్ల. కర్ర చేయగలిగింది తరమడం ఒక్కటే. తరమడాన్ని నేర్పడంగా పొరబడటం వందేళ్ళ కిందట సైనిక మైదానాల్లో ఒక పద్ధతిగా గట్టిపడి, అక్కడి నుంచి పోలీసులకీ, పోలీసుల నుంచి ఇళ్ళకీ పాకింది. ఇప్పుడు జరుగుతున్న మార్పు ఆ పొరపాటును దిద్దుకోవడమే.

ముందు ఊరి కుక్క సంగతి చూద్దాం. ఉత్తరాంధ్ర పల్లెలో దాని తిండి గంజి, చద్దన్నం, అంబలి అడుగు, చేప తలకాయలు, పెళ్ళిళ్ళప్పుడు విస్తళ్ళలో మిగిలింది. సాయంత్రం ఇల్లాలు వార్చిన గంజి చల్లారాక పెరట్లో సొట్టగిన్నెలోనో కొబ్బరి చిప్పలోనో పోస్తుంది. కుక్క ఆ వేళకి వచ్చి గడప ఇవతలే నిలబడుతుంది. గడప దాటితే గిన్నెలో ఏమీ పడదు, ఆగితే పడుతుంది. పాఠం చెప్పాలన్న ఆలోచన ఆవిడకి లేదు. కానీ నేటి శిక్షకులు పుస్తకాలుగా రాస్తున్న పద్ధతి మొత్తం ఆ గడప దగ్గరే ఉంది: కావలసింది చేసిన మరుక్షణం తిండి, చేయకపోతే లేదు. పిలిస్తే వచ్చిన కుక్కకి ముద్ద, రాత్రి దొంగని పసిగట్టి మొరిగిన కుక్కకి పొద్దున్నే ఇంకొంచెం పెద్ద ముద్ద. 2013లో స్వీడన్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక విషయం బయటపెట్టారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే మనిషి ధాన్యం వండుకోవడం మొదలుపెట్టాక ఆ వంటలో మిగిలిన దాని మీద బతకడానికి కుక్క శరీరమే మారింది. మనిషికీ కుక్కకీ మధ్య ఒప్పందం ఇంత లోతున గంజితో రాసి ఉంది.

అదే పెరట్లో కర్ర లేదా అంటే ఉంది. ఇసుక మీద ఆరబోసిన ఎండుచేపల దగ్గర, కళ్ళంలో, వంటింటి గుమ్మంలో, గుడి మెట్ల మీద అది తప్పక కనిపిస్తుంది. కానీ అక్కడ కర్ర చెప్పేది ఒక్కటే మాట: ఇక్కడ ఉండకు. ఎక్కడ ఉండాలో, ఏం చేయాలో అది చెప్పలేదు. ఎద్దుని ముల్లుగర్రతోనే తోలుతున్నాం కదా అని ఎవరైనా అడగవచ్చు. తోలుతున్నాం, కానీ దున్నడం నేర్పేది ముల్లుగర్ర కాదు. కోడెను పని తెలిసిన ముసలి ఎద్దు పక్కన కాడికి కట్టి, కొద్దికొద్దిగా నడిపిస్తారు. సాలు తిరగడం అది పక్కనున్న ఎద్దు నుంచి నేర్చుకుంటుంది. ముల్లుగర్ర ఆ తర్వాత వేగం పెంచడానికి వస్తుంది. పని నేర్చిన పశువుని తొందరపెట్టే సాధనాన్ని చూసి, పని నేర్పింది అదేననుకోవడం మనకి బాగా అలవాటైన పొరపాటు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాసిన జోనంగి కుక్కలైనా, కర్నూలు జిల్లా పందికోన ఊరి కాపలా కుక్కలైనా పెద్ద కుక్కల వెంట, మనిషి వెంట తిరిగి పనిలో పడ్డవే. పందికోన కుక్కని వేరే ఊరికి తీసుకెళ్తే ఆ చురుకు తగ్గిపోతుందని అక్కడివాళ్ళు అంటారు. అందులో జాతి గొప్ప ఎంతో, పెరిగిన ఊరి చలవ ఎంతో ఆలోచించదగ్గ విషయం. మనకి దగ్గరి కన్నడ సీమలో, మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి శాసనం ఒకటి కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి చనిపోతే దాని పేర నిలిపిన రాయి. సైనిక మైదానాల్లో మెడ గొలుసు పద్ధతి గట్టిపడటానికి దాదాపు వెయ్యేళ్ళ ముందే కుక్క చేసిన పనిని మనుషులు అంత విలువగా చూశారు.

పాతకాలమంతా బంగారమని నేను చెప్పడం లేదు. మన ఊళ్ళలో కుక్క మీద రాయి పడని రోజు లేదు. దానికి కారణం కేవలం కసాయితనం కాదు, భయం. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అన్న మాట మన అమ్మమ్మల తరం నుంచి నిన్నమొన్నటి దాకా ప్రతి ఇంట్లో వినిపించింది. గొర్రె మెదడు కణజాలంతో తయారైన ఆ పాత టీకా బాధాకరమైనదే కాదు, కొందరికి నరాల జబ్బులు కూడా తెచ్చిపెట్టింది. మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపింది 2005 ప్రాంతంలో. రేబిస్ వస్తే చావు తప్పదు, టీకా కావాలంటే పట్నం పోవాలి. అటువంటి చోట కుక్క దగ్గరికి రాకుండా చూసుకోవడమే ప్రాణరక్షణ. మునిసిపాలిటీలు ఏటేటా వీధికుక్కలను చంపించేవి. కర్రకి మన జీవితంలో ఇంత పెద్ద చోటు దొరికింది ఆ భయం వల్లనే. తరమడానికి పుట్టిన సాధనం అది. దాన్ని బడిపంతులు చేతిలోని బెత్తంలా పాఠం చెప్పే సాధనంగా మార్చింది మాత్రం వేరే చరిత్ర.

ఆ చరిత్రలో మొదట వచ్చే పేరు కాన్రాడ్ మోస్ట్. ఈ జర్మన్ పోలీసు అధికారి 1910లో కుక్కల శిక్షణ మీద ఒక పుస్తకం రాశారు. ఆజ్ఞ, ఆజ్ఞ తప్పితే బలప్రయోగం, లొంగాక మెచ్చుకోలు అన్నది అందులోని వరుస. బెత్తం, లోపలివైపు ముళ్ళున్న మెడపట్టీ ఆయన సాధనాలు. మెచ్చుకోలు ఆయనకి తెలియనిది కాదు, అయినా పునాది మాత్రం నిర్బంధమే. యూరప్ సైన్యాలు కుక్కలను వేల సంఖ్యలో చేర్చుకున్న రోజులవి. ఒకే ఆజ్ఞకి వందమంది సిపాయిలు ఒక్కసారిగా కదిలే మైదానంలో కుక్క కూడా అలాగే కదలాలన్నది వాళ్ళ కోరిక. మనకి తెలిసిన చోక్ చెయిన్ ఆ ప్రపంచానిదే. రెండు చివర్లా రింగులున్న గొలుసు. ఒక రింగులోంచి గొలుసును దూరిస్తే ఉచ్చు అవుతుంది. పట్టు లాగితే బిగుస్తుంది, వదిలితే సడలుతుంది. కుక్క అడుగు ముందుకి పడగానే చటుక్కున లాగి వదలాలి. కుడి ఎడమలు మారి గొలుసు తిరగేసి వేస్తే వదిలినా సడలదు, ఊపిరాడదు. ఇంత నేర్పు కావలసిన పరికరాన్ని నేర్పు లేని చేతుల్లో పెట్టి, కుక్క మాట వినకపోతే మొండిదని పేరు పెట్టడం ఆ పద్ధతిలోనే ఉన్న అన్యాయం.

ఆ గొలుసు మన దాకా ఎలా వచ్చిందో చూద్దాం. మొదట చెప్పిన ఊళ్ళున్న శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. మరుసటి ఏడాది, 1951లో, మద్రాసు పోలీసులు కుక్కల దళాన్ని మొదలుపెట్టారు. దేశంలో పోలీసు కుక్కల దళాలకి అదే ఆరంభం. ఆంధ్ర రాష్ట్రం వచ్చే 1953 అక్టోబరు దాకా సంతబొమ్మాళి పోలీసులు కూడా ఆ మద్రాసు పాలన కిందివాళ్ళే. తర్వాత 1959 నుంచి మీరట్‌లో సైన్యానికి, 1970 నుంచి గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళానికి కుక్కల శిక్షణ సాగింది. ఇళ్ళలో విదేశీ జాతి కుక్కలను పెంచుకోవడం పెరిగాక వాటికి నేర్పే గురువులు ఎక్కువగా ఈ దళాల నుంచి రిటైరైనవాళ్ళూ, వాళ్ళ దగ్గర చూసి నేర్చుకున్నవాళ్ళూ అయ్యారు. అందుకే ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడినా కుక్కతో మాత్రం సిట్, స్టే, హీల్ అంటారు. ఆ మాటలతో పాటు గొలుసు కూడా వచ్చింది. అమెరికాలో ఇదే దారిలో సైనిక శిక్షకుడు విలియం కోయెలర్ 1962లో రాసిన పుస్తకం ఇంటి కుక్కల శిక్షణను ఏళ్ళ తరబడి ఏలింది.

ఇక్కడ గమనించవలసింది, నిర్బంధం ఏలుతున్న రోజుల్లో కూడా దానికి ఎదురు సాక్ష్యం పక్కనే ఉంది. 1898లోనే అమెరికన్ మనస్తత్వవేత్త థార్న్‌డైక్ పిల్లులను పెట్టెల్లో పెట్టి, మేలు తెచ్చిన పని మళ్ళీ మళ్ళీ జరుగుతుందని చూపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం 1917లో కుక్కల బడి పెట్టిన ఎడ్విన్ రిచర్డ్‌సన్, వార్తలు మోసే కుక్కకి పని మీద ఇష్టం ఉండాలి తప్ప భయం ఉంటే గుళ్ళ మధ్య పరిగెత్తదని గట్టిగా నమ్మి, తిండితో, ఆప్యాయతతో నేర్పాడు. అన్నిటికంటే పదునైన సాక్ష్యం రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. భూమిలో పాతిన మందుపాతరలను కనిపెట్టే పని. అమెరికన్లు కొన్ని కుక్కలకి పాతిపెట్టిన తీగలతో కరెంటు షాక్ ఇచ్చి, తవ్విన నేల అంటే భయపడేలా తయారుచేశారు. భయపడ్డ చోట ఆగుతుంది, అక్కడ మందుపాతర ఉన్నట్టే అన్నది వాళ్ళ లెక్క. 1944లో ఉత్తర ఆఫ్రికాకి వెళ్ళిన ఆ కుక్కలు పనికిరాలేదు, ఆ ప్రయత్నం మూతపడింది. బ్రిటిష్ వాళ్ళు పాతర వాసన పట్టిన కుక్కకి మాంసం ముక్క పెట్టి నేర్పారు; ఆ కుక్కలు యూరప్‌లో రోడ్లు, రైలుదారుల మీద నిజంగా పని చేశాయి. షాక్ తిన్న కుక్కకి తెలిసింది తప్పించుకోవడం, ముక్క తిన్న కుక్కకి తెలిసింది వెతకడం. మందుపాతర దగ్గర ఈ తేడా మీదే ప్రాణాలు ఆధారపడతాయి.

మార్పును జనంలోకి తెచ్చింది సముద్రం. మనస్తత్వవేత్త స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు 1940లలోనే జంతువులకి చిన్న శబ్దంతో గుర్తు ఇచ్చి, వెంటనే తిండి పెట్టి నేర్పే వ్యాపారం నడిపారు. కుక్కలవాళ్ళు వాళ్ళని పట్టించుకోలేదు. డాల్ఫిన్లకి నేర్పేవాళ్ళకి మాత్రం వేరే దారి లేకపోయింది. ఈదుకుంటూ పోయే డాల్ఫిన్ మెడకి గొలుసు వేయలేం, కొట్టాలంటే అందదు, అలిగితే అడుగుకి పోతుంది. ఈల ఊదడం, చేప వేయడం ఒక్కటే మిగిలింది. హవాయిలో డాల్ఫిన్లకి నేర్పిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో ఆ విద్య కుక్కల దగ్గరికి చేరింది. ఈల స్థానంలో చేతిలో టిక్కుమనే క్లిక్కర్ వచ్చింది. దాదాపు అదే కాలంలో పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ చిన్న కుక్కపిల్లలకి ముద్ద చూపి నేర్పే తరగతులు మొదలుపెట్టాడు.

నొప్పితో నేర్పడం చివరికి ఎక్కడికి చేరుతుందో చూడాలంటే ఉద్దానం వాళ్ళకి బాగా తెలిసిన జంతువునే చూడాలి. ఎలుగుబంటి ముట్టెకి కాల్చిన సూదితో రంధ్రం చేసి తాడు కట్టి ఆడించే వృత్తి మన దేశంలో శతాబ్దాలు సాగింది. తాడు లాగితే నొప్పి, నొప్పి నుంచి తప్పించుకోవడానికి ఎలుగు వెనక కాళ్ళ మీద లేస్తుంది. చూసేవాళ్ళకి అది నాట్యం. ఎలుగుకి నాట్యం ఏమీ రాదు, పారిపోవడమే వచ్చు. 1972 వన్యప్రాణి చట్టం ఈ వృత్తిని నేరం చేసింది, 2009 నాటికి వీధుల్లోంచి దాదాపు పోయింది. అడవిలో అదే ఎలుగు పనసకాయల కోసం, జీడిమామిడి పండ్ల కోసం తోటల్లోకి వస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరిచింది కూడా. ముందుగా పసిగట్టి మొరిగే కుక్క తోటలో ఉండటం ఇక్కడ సరదా కాదు. దెబ్బలకి బెదిరిన కుక్క మొరగదు, నక్కుతుంది.

ఇప్పటి పోలీసు కుక్కల దగ్గరికి వద్దాం. ఆంధ్ర ఒడిశా సరిహద్దులో మందుపాతరల భయం ఏళ్ళ తరబడి ఉంది కాబట్టి పేలుడు పదార్థాలను పసిగట్టే కుక్క ఈ ప్రాంతానికి బాగా కావలసినది. హైదరాబాద్ శివారు మొయినాబాద్ కేంద్రంలో, బెంగళూరు దగ్గర తరళులో 2011లో మొదలైన సీఆర్‌పీఎఫ్ బడిలో ఇటువంటి కుక్కలు తయారవుతాయి. ముక్కు పని ఎక్కడైనా నేర్పే తీరు దాదాపు ఒక్కటే. వరసగా డబ్బాలు పెడతారు. ఒక్కదానిలోనే ఆ వాసన ఉంటుంది. కుక్క ఒక్కో డబ్బా మూచూసుకుంటూ పోయి, ఆ డబ్బా దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది. ఆ క్షణంలోనే హ్యాండ్లర్ చేతిలోని బంతి దాని ముందు పడాలి. అర నిమిషం ఆలస్యమైతే కుక్క ఆ బంతి దేనికి వచ్చిందో తెలియక అయోమయపడుతుంది. కొన్నాళ్ళకి వాసన దొరకగానే అదే కూర్చుని హ్యాండ్లర్ ముఖం చూస్తుంది. శిక్షణ దాటి అసలు పనిలోకి వెళ్ళాక వాసన ఎక్కడుందో మనిషికి తెలియదు, కుక్కకే తెలుసు. తెలిసినవాడిని తెలియనివాడు కొట్టి చెప్పించలేడు. గొలుసును గట్టిగా నమ్మిన దళాల్లో కూడా ముక్కు పని దగ్గర బంతే బయటికి రావడానికి కారణం ఇది.

మేలు చూపి నేర్పే ఈ పద్ధతికి అభ్యంతరాలు చాలా ఉన్నాయి, కొన్ని బలమైనవే. కుక్క గుంపు జంతువు, గుంపుకి నాయకుడు ఉంటాడు, ఆ నాయకుడు తనేనని మనిషి దానికి తెలియజేయాలి అన్నది అన్నిటికంటే పాతది. ఈ మాటకి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ జూలో బంధించిన తోడేళ్ళను చూసి రాసినది. దాన్ని తన పుస్తకంతో ప్రచారంలో పెట్టిన డేవిడ్ మెక్ అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూశాక 1999లో ఆ మాట సరికాదని రాశాడు. అడవిలో తోడేళ్ళ గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు. పెత్తనం కోసం పోట్లాట కాదు, కుటుంబం. పైగా మన వీధికుక్క తోడేలు కాదు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్రా బృందం ఈ దేశపు వీధికుక్కల మీదనే పని చేసింది. 2017లో వాళ్ళు చూపినదేమిటంటే, కొత్త మనిషి మళ్ళీ మళ్ళీ కలిసినప్పుడు తిండి కంటే కూడా తల నిమరడం వల్ల ఆ కుక్కలు ఎక్కువగా దగ్గరయ్యాయి. ఎవరూ పెంచని, రాళ్ళ దెబ్బలే అలవాటైన కుక్కల్లోనే ఇది కనిపించింది.

తిండి పెట్టి చేయిస్తే అది లంచమే, చేతిలో ముక్క లేనప్పుడు కుక్క వినదు అంటారు ఇంకొందరు. పని కాకముందు చూపించేది లంచం, పని అయ్యాక ఇచ్చేది కూలి. కూలి ఇస్తే పని చెడుతుందని ఏ రైతూ అనుకోడు. కుక్క విషయంలో ఇంకొక సంగతి కూడా ఉంది. పని వచ్చాక ప్రతిసారీ ముక్క పెట్టనక్కరలేదు. ఎప్పుడో ఒకప్పుడు, అనుకోనప్పుడు దక్కే ముక్క కోసం పని ఇంకా గట్టిగా నిలుస్తుందని స్కిన్నర్ పావురాల మీద నిరూపించి ఏళ్ళు గడిచాయి. కోపిష్టి కుక్కకి ఇది పనికిరాదన్న మాట ఇంకా గంభీరమైనది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో ప్రవర్తన సమస్యలతో తెచ్చిన కుక్కల యజమానులను అడిగారు. తప్పు చేసినప్పుడు కొట్టడం, తన్నడం చేసినవాళ్ళలో 43 శాతం మంది కుక్క ఎదురు తిరిగిందని చెప్పారు. 2020లో పోర్చుగల్‌లో 92 ఇంటి కుక్కలను పరిశీలిస్తే, శిక్షించే బడుల్లోని కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు, లాలాజలంలో ఒత్తిడి హార్మోను ఎక్కువగా ఉన్నాయి. కోపాన్ని దెబ్బతో అణచాలన్నవాళ్ళు ఈ అంకెలకి సమాధానం చెప్పాలి. ఒక్కచోట మాత్రం వాళ్ళ మాటలో బరువుంది. నేరస్థుడి చెయ్యి పట్టుకున్న పోలీసు కుక్క ఆజ్ఞ ఇచ్చిన వెంటనే వదలాలి. పట్టి ఉంచడమే దానికి పండగ, దాన్ని మించిన బహుమతి హ్యాండ్లర్ జేబులో ఉండదు. ఇప్పటికీ చాలా దళాలు ఇక్కడ గొలుసు మీద ఆధారపడుతున్నాయి. వదిలినందుకు ఇంకోసారి పట్టుకునే అవకాశమే బహుమతిగా ఇచ్చే పద్ధతులు ఉన్నాయి, అవి నెమ్మదైనవి, ఓపిక కావాలి. ఇది ఇంకా తేలని చోటు అని ఒప్పుకోవడంలో తప్పులేదు. కానీ నూటికో కోటికో ఒక కుక్క చేసే ఆ పనిని సాకుగా చూపి, పలాసలో ఇంటి ముందు కట్టేసిన లాబ్రడార్ మెడకి ముళ్ళపట్టీ వేయడం ఎలా సమంజసం?

వీధికుక్కలు పిల్లల మీద పడుతున్నాయి, ఈ కబుర్లు ఎవరికి అన్నది చివరి అభ్యంతరం. కరిచిన కుక్కని ముద్దుచేయమని ఎవరూ అనడం లేదు. వీధికుక్కల సమస్య శిక్షణది కాదు, చెత్తది, టీకాలది, ఆపరేషన్లది. కుక్కలను పట్టుకుని సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేయాలన్న నిబంధనలు 2001లో వచ్చాయి, 2023లో మళ్ళీ రాశారు. పల్లెల్లో ఆ పని ఎంత జరుగుతుందో చూస్తే చాలు, లోపం ఎక్కడుందో తెలుస్తుంది. రాళ్ళు వేయడం ఇన్ని తరాలుగా చేస్తూనే ఉన్నాం, దాని వల్ల కుక్కకాట్లు తగ్గలేదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువుని కొట్టడాన్ని నేరం అంటుంది, మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. కుక్కలను పుట్టించి అమ్మేవాళ్ళు నమోదు చేసుకోవాలని 2017లో నిబంధనలు వచ్చాయి. కుక్కకి నేర్పేవాడికి మాత్రం ఏ చదువూ, ఏ పరీక్షా అడగడం లేదు. ఫోనులో నాలుగు వీడియోలు చూసి ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చు. టెక్కలిలోనో పలాసలోనో కుక్కపిల్లని తెచ్చుకున్న కుటుంబం శిక్షకుణ్ణి పిలిచినప్పుడు, ఏమేం నేర్పుతావని అడగడం కంటే, అది తప్పు చేస్తే ఏం చేస్తావని అడగాలి. మొదటి ప్రశ్నకి అందరూ ఒకే జవాబు చెబుతారు. రెండోదానికి చెప్పే జవాబును బట్టి కుక్కని అతని చేతికి ఇవ్వాలో లేదో తేల్చుకోవచ్చు.